కరివేపచెట్టుకి మజ్జిగ

5 మార్చి 1987, గురువారం, లిలువా

స్టేషన్ వంతెన ఆఖరి మెట్టు మీద ఎవడో అరటితొక్క పడేశాడు. తిన్నవాడు హాయిగా లోకల్ ఎక్కి హౌరా వెళ్లిపోయుంటాడు. నేను మాత్రం మోకాలి దాకా పిండికట్టుతో మంచం మీద పడున్నాను. ఏప్రిల్ సగం దాటేదాకా విప్పరట. బడిలో నా ఐదో తరగతికి తెలుగు ఎవరు చెప్తున్నారో, అసలు చెప్తున్నారో లేదో సింహాచలం అప్పన్నకే తెలియాలి.

మంచమెక్కిన దగ్గర్నుంచీ ఇంట్లో అందరినీ కరుస్తున్నానట. అందరూ అంటే ఆయన, అత్త. ఇవాళ ఆయన ఆఫీసు నుంచి ఈ డైరీ తెచ్చి, "ఇందులో తిట్టుకో శారదా, మేం కాస్త ఊపిరి పీల్చుకుంటాం" అన్నారు. సరే, మొదటి తిట్టు ఆ అరటిపండు తిన్నవాడికి.

మంచం కిటికీ పక్కకి జరిపించాను. పెరట్లో బట్టలుతికే రాయి, దాని పక్కన అత్త కరివేపచెట్టు, తర్వాత గోడ, గోడ అవతల బిశ్వాస్ బాబు తోట. ఆ చెట్టుని అత్తే శ్రీకాకుళం నుంచి పాలపొడి డబ్బాలో పెట్టి, రైల్లో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చింది. ఇప్పుడు ఈ లైను క్వార్టర్సులో తెలుగువాళ్ల చారులన్నిటికీ అదొక్కటే ఆధారం.

దాన్లో ఇంకో కాపురం కూడా ఉందని ఇవాళ తెలిసింది. కిటికీకి ఎదురుగా, కర్ర చాస్తే అందేంత దూరంలో పిగిలిపిట్టల గూడు. నల్లటి తల మీద చిన్న జుట్టు, తోక కింద ఎరుపు. ఒకటి గుడ్ల మీద కూర్చుంటే ఇంకొకటి బట్టలారేసే తీగ మీద కాపలా. వాటికీ నాలాగే కదలడానికి లేదు.

8 మార్చి, ఆదివారం

ఆదివారం వస్తే చాలు, బిశ్వాస్ బాబు వీపున పంపు కట్టుకుని తోటంతా మందు కొడతాడు. వంగకి, టమాటాకి, గులాబీకి, పురుగున్నా లేకపోయినా. పోయినేడు పూలపోటీలో ఆయన డేలియాకి కప్పు వచ్చింది. అప్పట్నుంచీ మరీ పిచ్చి ముదిరింది. కంపు మా వంటింటిదాకా కొడుతోంది.

సాయంత్రం గోడ మీద ఒక పిచ్చుక తూలుతూ కనపడింది. రెక్కలు వణుకుతున్నాయి. కాసేపటికి అటువైపు పడిపోయింది. బిశ్వాస్ బాబు దాన్ని కాగితంలో చుట్టి మురిక్కాలవలో వేశాడు. బాబూ, అది మీ మందు తినే చచ్చింది కదా అని కిటికీలోంచి అడిగాను. ఆయనకి నేను బౌదీని, అంటే వదినని. హిందీ, బెంగాలీ కలిపి నవ్వుతూ జవాబు చెప్పాడు. "పిట్టలు చస్తూనే ఉంటాయి బౌదీ. నేను మందు పురుగుకి వేస్తాను, పిట్టకి కాదు."

అంటే మందుకి కళ్లున్నాయన్నమాట. పురుగు కనపడితే పట్టుకుంటుంది, పిట్ట ఎదురైతే దారిచ్చి పక్కకి తప్పుకుంటుంది. డిగ్రీ చదివిన మనిషి అనే మాటేనా అది. ఒళ్లు మండిపోయింది.

ఆయనతో చెప్తే, "కాలు బాగయ్యాక పోట్లాడుదువుగాని" అన్నారు. ఈయనకి లోకంలో ఎవరితోనూ తగాదా లేదు. అందరూ మంచివాళ్లే. నేను తప్ప.

11 మార్చి, బుధవారం

కరివేపకి పురుగు పట్టింది. చిన్నవి నల్లగా, తెల్లగా ఉంటాయి. పిట్ట రెట్టేమో అనుకుంటాం, అది కదిలితే గానీ పురుగని తెలియదు. పెద్దవి ఆకుపచ్చగా వేలి లావున ఉన్నాయి. లేతాకు ఒక్కటీ మిగల్చడం లేదు.

అత్త దగ్గర దీనికి మందు సిద్ధం. చెట్టు మొదట్లో ఎప్పుడూ పుల్లమజ్జిగ పోస్తూనే ఉంటుంది. పురుగు పడితే ఆకుల మీద కూడా చల్లుతుంది. "మా యమ్మ కాడ్నుంచీ అదే మందు. పులిసిన మజ్జిగ సల్లితే పురుగు అలగే రాలిపోద్ది" అంది. వరండా మూల పెద్ద దాకలో మజ్జిగ పులియబెట్టింది. అత్తకి నడుం పట్టేసింది కాబట్టి, కుళాయి దగ్గర బకెట్టు నింపి మజ్జిగ కలిపి రాయి పక్కన పెట్టడం కొడుకు పని. కొడుకు "రేపు చేస్తాను" అన్నారు.

14 మార్చి, శనివారం

పిల్లలు. మూడు. కళ్లు తెరవలేదు, ఈకలు లేవు, అయినా నోళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అచ్చం నా ఐదో తరగతే.

అత్తని పిలిచి చూపించాను. ముక్కుపొడుం పట్టు పట్టి, తుమ్మి, "పురిటిల్లు మన పెరట్లోనే ఎట్టినాయా" అని మురిసిపోయింది. బాలింత పక్కన అరవకూడదని నాకు బుద్ధి చెప్పి వెళ్లింది.

17 మార్చి

పెద్దవి రెండూ పొద్దస్తమానం ఆ కరివేప పురుగుల్నే ఏరి పిల్లల నోట్లో పెడుతున్నాయి. వీటినిలా వదిలేస్తే మజ్జిగ కూడా అక్కర్లేదేమో. అయినా అత్త మాట కొట్టేస్తే బాగుండదని ఆయన్ని అడిగాను. రేపట.

19 మార్చి, గురువారం

గోవిందరాజు గారు వచ్చారు. వర్క్‌షాపులో ఫోర్‌మన్, మా ఆంధ్ర సంఘం కార్యదర్శి. మొదట నా కాలు గురించి రెండు ముక్కలు, తర్వాత అసలు సంగతి.

"సీరామనవమికి మూడొందల మందికి పులిహోర టీచరమ్మా. కరేపాకు బారం ఎప్పట్లాగే మీదే" అన్నారు. పెరట్లోకి వెళ్లి చెట్టు చూసి మొహం ముడుచుకున్నారు. "ఇదేటి నరసింహం, సగం బోడైపోనాది. పండగనాటికి ఆకు ఉంటాదేటి?"

"నేను చూసుకుంటానండీ, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారు ఆయన. బకెట్టు మజ్జిగ కలపడానికి ఎనిమిది రోజులు చాలని మనిషి, మూడొందల మంది పులిహోరకి పూచీ పడ్డాడు.

22 మార్చి, ఆదివారం

రేపు పోలింగు. ఆయన్ని ఆమ్తా వైపు ఏదో పల్లెకి ఎన్నికల డ్యూటీ వేశారు. మధ్యాహ్నం రావలసిన లారీ పొద్దున్నే వచ్చి హారన్ మోగించింది. పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయారు. నాతో ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆయన మీద విసుక్కుంటూ పెరటి వైపు చూస్తే, రాయి పక్కన బకెట్టు. నిండా తెల్లటి నీళ్లు. ఎట్టకేలకి కలిపి పెట్టాడు మహానుభావుడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారైనా చెప్పిన పని చేశాడని సంతోషించాను. వెంటనే అత్తని కేకేశాను.

"అత్తా, మీ అబ్బాయి మజ్జిగ కలిపి పెట్టాడు. కొమ్మల మీద బాగా పడేలా చల్లు. గూడు మీద మాత్రం పడనివ్వకు."

"నాకు తెల్దేటి, పసిబిడ్డల మీద సల్లతానా" అంటూ చెంబుతో ఓపిగ్గా చల్లింది, అందిన కొమ్మలన్నిటికీ. మిగిలింది చెట్టు మొదట్లో పోసేసింది.

పదయ్యేసరికి బిశ్వాస్ మందు కంపు మొదలైంది. ఆదివారం కదా, ఓట్ల పండగైనా మానడు. మనిషి కనపడలేదు గానీ కంపు ఎన్నడూ లేనంత ఘాటుగా ఉంది. కిటికీ తలుపు దగ్గరికి వేసుకున్నాను.

అత్త మజ్జిగ మహిమ మాత్రం ఒప్పుకోవాలి. మధ్యాహ్నానికి పురుగులు ఒకటొకటే పట్టు వదిలి రాయి మీద, నేల మీద మెలికలు తిరుగుతూ పడ్డాయి. పిగిలిపిట్టలకి వెతుక్కునే శ్రమే లేదు. ఒకటి వెళ్లేలోగా ఇంకొకటి పురుగుతో వస్తోంది. పిల్లలు ఇంత తిండి పుట్టాక చూసి ఉండవు. ఈ కాలు విరిగాక ఇంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నం ఇదే.

అత్తకి సాయంత్రం నుంచి తల తిప్పుతోందట. రెండుసార్లు వాంతి చేసుకుంది. ఎండలో నిలబడొద్దంటే వినదు.

23 మార్చి, సోమవారం

మూడూ చచ్చిపోయాయి.

పొద్దున్న గూట్లోంచి చప్పుడు లేదు. పెద్దది పురుగు తెచ్చింది. ఒక నోటి మీద పెట్టి చూసింది. తెరుచుకోలేదు. ఇంకో నోటి మీద పెట్టింది. తర్వాత ఆ పురుగుని కింద పడేసి, గూటి అంచు మీద కూర్చుండిపోయింది.

అత్త నీరసంగా ఉన్నా కుర్చీ వేసుకుని ఎక్కి వాటిని చేటలో పెట్టి తెచ్చింది. మెడలు వెనక్కి విరుచుకుపోయి ఉన్నాయి. రెక్కల మీద అప్పుడే ఈకలు పొడుస్తున్నాయి.

ఇది బిశ్వాస్ పని. నిన్న ఆ కంపు నాకే వచ్చింది. పోలింగు నుంచి వేలికి సిరా చుక్కతో గర్వంగా నడిచి వస్తుంటే కిటికీలోంచి పట్టుకున్నాను. బెంగాలీలో నాకు వచ్చిన తిట్లు తక్కువ, అందుకని ఇన్నాళ్లూ వీధిలో మైకుల్లో విన్నదే వాడుకున్నాను. "చొల్‌బే నా, బాబూ. ఇలా సాగదు. ఇది పిల్లలున్న ఇల్లు, పిట్టలున్న ఇల్లు. నీ కప్పు కోసం ఎంతమందిని చంపుతావు?" లైను లైనంతా బయటికి వచ్చి చూసింది. చూడనీ.

"నిన్న నేను పంపు ముట్టలేదు బౌదీ. అసలు పంపు..." అంటున్నాడు. అబద్ధాలకోరు. కిటికీ మొహం మీద వేసేశాను.

24 మార్చి, మంగళవారం

ఆయన వచ్చారు. జరిగింది చెప్పి, వెళ్లి ఆ మనిషిని నాలుగు దులపమన్నాను. వినడం లేదు. పెరట్లోకి వెళ్లి, ఖాళీ బకెట్టు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. రెండు రాత్రుల నిద్ర లేదు పాపం అనుకున్నాను.

తర్వాత వచ్చి, "పక్కింటివాళ్లతో ఎందుకులే" అన్నారు. పిరికిమనిషి. పిట్టకున్న పాటి పౌరుషం లేదు.

అత్త ఎలా ఉందని మాత్రం నాలుగైదు సార్లు అడిగారు. డాక్టరుని కూడా తీసుకొచ్చారు. ఇప్పుడు కులాసాగానే ఉంది, రెండు ముద్దలు తింది.

25 మార్చి, బుధవారం

బిశ్వాస్ బాబు గుమ్మంలోకి వచ్చాడు. పోట్లాటకి కాదు, పంపు కోసం.

"శనివారం రాత్రి నరసింహం దాదా పట్టుకెళ్లారు. కరివేపచెట్టుకి కొడతానన్నారు. మందు కూడా నేనే ఇచ్చాను. నీళ్లలో పోస్తే పాలలా తెల్లగా అవుతుంది, చేతికి తగలనివ్వద్దని కూడా చెప్పాను బౌదీ."

పంపు మంచం కిందనే ఉంది. నా మంచం కింద.

26 మార్చి

దాకలో మజ్జిగ దాకలోనే ఉంది. మంచం దగ్గరికి తెప్పించి మూత తీసి చూశాను. పైన బూజు కట్టింది.

27 మార్చి, శుక్రవారం

నిన్న రాయలేకపోయినదంతా ఇవాళ రాస్తాను.

"గోవిందరాజు గారికి మాటిచ్చాను కదా. నీకు చెప్తే ఒప్పుకోవు. గూడున్న కొమ్మ వదిలేసి కొడదామనుకున్నాను" అన్నారు. గూడున్న కొమ్మ వదిలేస్తారట. ఆ పిల్లలు పక్క కొమ్మ మీద పురుగుని తినకూడదని వాళ్ల అమ్మకి ఈయన చెప్పి వెళ్లారా? బిశ్వాస్ మందుకి కళ్లు, ఈయన మందుకి కొమ్మల లెక్క. ఇద్దరూ ఒక బళ్లోనే చదివినట్టున్నారు.

"మూడొందల మంది తినే ఆకు మీద విషం కొడదామనుకున్నారు. మీ అమ్మ రోజూ పట్టుకునే చెట్టు. మూత లేదు, మాట లేదు, బకెట్టు అలా వదిలేసి వెళ్లారు. అత్తకేమైనా అయ్యుంటే?"

"లారీ వచ్చేసింది శారదా."

"లారీ వస్తే నోరు పడిపోయిందా?"

ఆయన నెమ్మదిగా, కోపం లేకుండానే అన్నారు. "చల్లమన్నది నువ్వట కదా."

ఎంత తెలివి. తప్పు చేసినవాడు ఆయన, దాచినవాడు ఆయన, బోనులో నేను. తెల్లగా ఉంటే మజ్జిగనుకోక ఏమనుకోవాలి? అత్తకి పొడుం వల్ల ముక్కు పోయింది, వాసన తెలియదు. లేకపోతే ఆవిడే ఆపేది. ఆవిడకి తెలియలేదు, అంతే.

28 మార్చి

నాకు ముక్కు పనిచేస్తుంది.

30 మార్చి, సోమవారం, ఉగాది

అత్త పచ్చడి కలపనంది. "ఈ సేతుల్తోనా" అని, మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో చేతులు తోముకుంది. చర్మం ఎర్రగా లేచిపోయేలా ఉంది.

"అత్తా, నువ్వు చేసిందేం లేదు. నేను చల్లమన్నాను, నువ్వు చల్లావు. కంపు వస్తున్నా అది పక్కింటిదనుకున్నాను."

"సెంబు నా సేతిలోది అమ్మీ. పురిట్లో పిల్లల్ని నానే సంపేసినాను."

నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. కొడుకు తెచ్చాడు, పక్కింటాయన ఇచ్చాడు, నేను పురమాయించాను. మేం ముగ్గురం చదువుకున్నవాళ్లం, తిని తిరుగుతున్నాం. ఆవిడ మాత్రం ఐదు రోజులుగా చేతులు కడుక్కుంటోంది. ఈ ఇంట్లో సిగ్గు కూడా సమానంగా పంచుకోలేకపోయాం.

పచ్చడి నేనే కలిపాను, మంచం మీద కూర్చుని. ఆయన రెండో చెంచా అడగలేదు.

5 ఏప్రిల్, ఆదివారం

చంకకర్రతో వరండా దాకా నడిచాను.

కనపడకుండా పోయిన పిగిలిపిట్టలు మళ్లీ వచ్చాయి. మొదట ప్రాణం లేచొచ్చింది. తర్వాత చూస్తే ఒకదాని నోట్లో ఎండుపుల్ల. అదే చెట్టు, పాత గూటికి రెండు కొమ్మలు పైన. మళ్లీ కడుతున్నాయి.

ఆ ఆకు ఇంకా కొన్ని వారాలు తినకూడదని, వానలు పడితే గానీ నమ్మకం లేదని మందిచ్చిన బిశ్వాస్ బాబే చెప్పాడు. చెట్టు మీద కొత్త పురుగు అప్పుడే వస్తోంది. వచ్చినవి వచ్చినట్టే వడిలిపోయి వేలాడుతున్నాయి. ఏరుకోవడానికి ఎంత సులువో.

ఇంత చెప్పినాయన పది నిమిషాల తర్వాత పంపు వీపున కట్టుకుని వంగతోటలోకి దిగాడు.

7 ఏప్రిల్, మంగళవారం, శ్రీరామనవమి

పొద్దున్నే గోవిందరాజు గారు గోనెసంచీతో దిగారు. చెట్టుకి ఆకు బాగానే ఉందని మొహం వెలిగింది. మా ఆయనేమో తడికకి ఆనుకుని నిలబడి, "ఆకుకి ఏదో తెగులండీ" అని నసుగుతున్నారు. తెగులట. పేరు పెట్టి చెప్పడానికి నోరు రాలేదు.

"తెగులేటి, నిగనిగలాడతంది" అని గోవిందరాజు గారు కొమ్మ వంచబోతే అత్త అడ్డం వచ్చింది. "ముట్టకు బాబూ. నానే ఇసం పోసేసినాను దానికి."

లైన్లో అమ్మలక్కలు నలుగురు పోగై ఉన్నారు. ఆ మాటకి అత్త వంక ఒకలా చూశారు. ఇంక నా వల్ల కాలేదు. కర్ర పట్టుకుని గడప దిగాను. ఆ కాలితో దిగకూడదు, అయినా దిగాను.

"ఆవిడ కాదండీ. మందు తెచ్చి చెప్పకుండా పెట్టింది మీ నరసింహం. మజ్జిగనుకుని చల్లించింది నేను. మూడు పిట్టపిల్లలు చచ్చాయి, ఆవిడ చావు తప్పించుకుంది. ఇంకెవరికైనా పులిహోర కావాలా?"

గోవిందరాజు గారు సంచీ మడిచారు. భయపడ్డారనుకున్నాను. "రెండు నీళ్లలో కడిగితే పోద్ది టీచరమ్మా. మా వంకాయలకీ అదే మందు కొడతాం, ఏటైపోనాం? ఇయ్యాల కూరకి బిశ్వాస్ బాబు బుట్టెడు వంకాయలు ఊరికే ఇచ్చినాడు, దేవుడి పని అని" అన్నారు. ఎంతో మంచివాడిలా, నాకు ధైర్యం చెప్తున్నట్టుగా అన్నారు.

వంకాయలు. ఆదివారం మందు, మంగళవారం నైవేద్యం. పందిట్లో చిన్నపిల్లలు కూర్చుని తింటారు. నేను అరిచాను. ఏమరిచానో గుర్తు లేదు. కాలు విరిగి ఇంట్లో కూర్చుంటే మనిషికి కాస్త ఇలాగే అవుతుందని నన్ను జాలిగా చూశారు. ఆకు లేకుండానే వెళ్లారు. వంకాయలు మాత్రం వెళ్లాయి. మేం ఎవరం పందిట్లోకి వెళ్లలేదు. ఆయన కూడా, అడక్కుండానే, ఆగిపోయారు.

మధ్యాహ్నం పిట్ట మళ్లీ పుల్లతో వచ్చింది. కొమ్మల్లో దూరి, ఆ పుల్లని అటూ ఇటూ సర్దుతోంది. ఎంత శ్రద్ధో.

నేను స్టీలు పళ్లెం, గరిటె తెప్పించుకుని కిటికీలో కూర్చుని మోగించాను. పిట్ట ఉలిక్కిపడి లేచింది. తీగ మీద వాలి, నేనేనా అన్నట్టు ఇటే చూసింది. నెల్లాళ్లుగా నన్ను చూసి బెదరని పిట్ట. మళ్లీ చెట్టు మీదికి వచ్చింది. మళ్లీ మోగించాను. అత్త కూడా గిన్నె పట్టుకుని చెట్టు కిందికి వెళ్లింది. "ఎల్లిపో తల్లీ, ఈ ఇంట పురుడు వొద్దు" అంటూ మోగిస్తోంది, కళ్లు తుడుచుకుంటోంది.

పిట్ట గోడ దాటి బిశ్వాస్ బాబు మందార మొక్కలో దూరింది.

బిశ్వాస్ బాబు అప్పుడే పందిట్లోంచి భోజనం చేసి వచ్చి తోటలో నిలబడ్డాడు. "బాగా తరుముతున్నారు బౌదీ, పిట్ట పొడవకుండా నా టమాటాలు బతుకుతాయి" అని మెచ్చుకున్నాడు.

కుర్చీ గోడ దగ్గరికి వేయమని మా ఆయన్ని అడిగాను. వేశారు. ఆయన భుజం పట్టుకుని అక్కడిదాకా నడిచి, ఆ మందార వైపు తిరిగి కూర్చుని మోగించడం మొదలుపెట్టాను. బిశ్వాస్ బాబు ఏదో అంటున్నాడు. పళ్లెం చప్పుడులో నాకేమీ వినపడలేదు. పొద్దుగూకేదాకా మోగించాం. ఒకళ్ల చెయ్యి నొప్పెడితే ఇంకొకళ్లం.

చివరికి అది రైలు పట్టాల వైపు ఎగిరిపోయింది, పుల్ల నోట్లో పెట్టుకునే. అటు ఎవరి తోట ఉందో నాకు తెలియదు.